ముందు ప్లాను కొను, వీడియో తర్వాత

బరంపురంలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడికి ఉన్నట్టుండి మాండొలిన్ తయారుచేయాలని బుద్ధి పుట్టింది. వాయించడం వచ్చు. ఇప్పుడు చెక్క తెచ్చుకుని తన చేత్తో చేసుకుంటాడట. ఓ రాత్రి వరసపెట్టి లింకులు పంపాడు. డబ్బు కట్టి చూసే వీడియో కోర్సు, ఊరికే దొరికే వీడియోలు, ఇంగ్లీషు పుస్తకాలు, అమెరికా నుంచి తెప్పించుకునే కిట్టు. కింద ఒకటే ప్రశ్న: "మావయ్యా, వీటిలో ఏది కొనమంటావు?"

నేను వాద్యాలు చేసి బతికేవాణ్ణి కాను. పర్లాకిమిడిలో మా భజన బృందంలో మాండొలిన్ వాయిస్తాను. పాత వాయిద్యాలు విప్పించి, వీధి చివర మేస్త్రి దగ్గర కూర్చుని బాగుచేయించుకోవడం ఏళ్ళ తరబడి ఉన్న వ్యసనం. ఆ మేస్త్రీ నేనూ కలిసి ఒకటి మొదటి నుంచి చేశాం కూడా. అందుకని వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. కోర్సుకి కట్టే డబ్బులో చిన్న ముక్క పెట్టి ముందు పూర్తి సైజు ప్లాను, అంటే వాయిద్యాన్ని అసలు కొలతలో గీసిన డ్రాయింగు, కొనుక్కో. ఆ తర్వాత ఒక్క మంచి పుస్తకం. వీడియోలు ఆఖర్న. వాడు నీరుగారిపోయాడు. "కాగితం చూసి నేర్చుకోమంటావా?" అన్నాడు. ఫోన్లో సరిగ్గా వాదించలేకపోయాను. ఇక్కడ వాదిస్తాను.

ఇంతకీ ఏ మాండొలిన్?

వాడు పంపినవాటిలో దాదాపు అన్నీ ఒకే వాయిద్యం గురించి: గిబ్సన్ ఎఫ్-5. వయొలిన్‌కి చేసినట్టు మందమైన చెక్కని తొలిచి పలకకి వంపు తెచ్చే పద్ధతికి ఆర్విల్ గిబ్సన్ 1898లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరుతో నడిచిన కంపెనీలోనే లాయిడ్ లోర్ చేతి మీదుగా 1922లో ఎఫ్-5 వచ్చింది. అమెరికాలో బ్లూగ్రాస్ అనే జానపద సంగీతం వాయించేవాళ్ళకి అదే మూలవిరాట్టు. భుజం దగ్గర చుట్ట తిరిగిన కొమ్ము, ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలు, చూడ్డానికి నగలాగే ఉంటుంది. ఆ చుట్టని చెక్కడానికి, దాని వెంట అంచుపట్టీ తిప్పడానికి పట్టే శ్రమ అంతా ఇంతా కాదు. శబ్దానికి అది చేసే మేలు మాత్రం నా చెవికి ఎప్పుడూ తెలియలేదు. చుట్ట లేకుండా నీటిబొట్టు ఆకారంలో ఉండే ఎ-5 కూడా అంతే బాగా పలుకుతుంది. అయినా నేర్పేవాళ్ళందరూ ఎఫ్-5నే ఎందుకు పట్టుకుంటారంటే చూసేవాళ్ళకి అదే కావాలి కాబట్టి.

"సరే, నీకు ఎలా పలకాలి?" అని వాణ్ణి అడిగాను. "శ్రీనివాస్ గారిలా" అన్నాడు, కర్ణాటక సంగీతం వాయించిన మాండొలిన్ శ్రీనివాస్ గారు. అక్కడే కథ మొత్తం మారిపోయింది. ఆయన వాయించింది గుల్ల లేని ఎలక్ట్రిక్ మాండొలిన్. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, తర్వాత ఐదో తీగ చేర్చుకున్నారు. ఒంటి తీగ కాబట్టే గమకానికి లాగితే లొంగేది. దాంట్లో వంచాల్సిన పక్కపట్టీలు లేవు, తొలిచే పలకలు లేవు, లోపల అంటించే బద్దీలు లేవు. నెక్కు తిన్నగా ఉండాలి, దాని మీది మెట్లు, అంటే ఫ్రెట్లు, కచ్చితంగా ఉండాలి, తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్పు సరైన చోట కూర్చోవాలి. అలాంటిది కావాలంటే మాండొలిన్ పుస్తకాలతో పనే లేదు, ఎలక్ట్రిక్ గిటారు చేయడం నేర్పే పుస్తకం మాండొలిన్ కొలతలు పెట్టుకుని చదివితే చాలు. వాడు పంపిన కోర్సులో మూడొంతులు పలకలు తొలవడమే. వాడి పనికి అది ఎందుకు?

ఈ మాట చెప్పాక వాడు రెండ్రోజులు ఆలోచించి, ఆ ధ్వని ఇష్టమే కానీ కరెంటు లేకుండా ఇంట్లో వాయించుకునేది కావాలన్నాడు. అలాగైతే నా సలహా గుల్ల ఉన్న చదును మాండొలిన్. పై పలకని తొలవక్కర్లేదు, పల్చగా చిత్రిక పట్టి, కింద బద్దీలు అంటిస్తే సరి. రోజర్ సిమినాఫ్ పుస్తకం బ్లూగ్రాస్ మాండొలిన్‌కి పెద్దబాలశిక్ష లాంటిదే, కాదనను. కానీ మొదటి వాయిద్యానికి ఆస్ట్రేలియా తయారీదారు గ్రాహమ్ మెక్‌డొనాల్డ్ పుస్తకం లాంటిది మేలు. చదును పలకతో కూడా మంచి మాండొలిన్ వస్తుందని ఒప్పుకునే పుస్తకం అది, పైగా కొలతలు మిల్లీమీటర్లలో నడుస్తాయి. ఈ మిల్లీమీటర్ల సంగతి చిన్నది కాదు, మళ్ళీ వస్తాను.

బల్ల మీద పరిచే కాగితం

ఇక ప్లాను గురించి. మా ఊళ్ళో పని ఎలా నడుస్తుందో చెప్తే నా పట్టుదల అర్థమవుతుంది. మా మేస్త్రికి చదువంతా ఒడియాలో, మాటంతా తెలుగులో. నేను తెలుగు, ఇంగ్లీషు చదువుతాను. ఒడియా బోర్డులు కూడబలుక్కుని చదవడం వరకే. పుస్తకం ఇంగ్లీషు. ఆ పుస్తకంలో ఒక పేజీ నేను తెలుగులో చెప్పి, అది ఆయన తన పనిలోకి మార్చుకుని, మళ్ళీ నన్ను అడిగేలోపు సాయంత్రమయ్యేది. బల్ల మీద డ్రాయింగు పరిచిన రోజు నుంచి నా దుబాసీ ఉద్యోగం పోయింది. ఆయన వేలు పెట్టి గీత వెంట వెళ్ళేవాడు. "ఈ బద్దీ ఇక్కడ పల్చనయింది, ఎందుకు?" అని అడిగేవాడు. జవాబు పుస్తకంలో వెతికేవాణ్ణి. ప్రశ్న ఆయనది, వెతుకులాట నాది. అలా సాగితేనే నేను కూడా నేర్చుకున్నాను.

నట్టు, అంటే నెక్కు పైకొసన తీగలు గాట్లలో ఆనే చిన్న పట్టీ, దాని విషయంలో ఇంకా బాగా తెలిసింది. పర్లాకిమిడి కొమ్ము పని గురించి చెప్పక్కర్లేదు కదా. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే ఒకాయన దగ్గరికి నట్టు డ్రాయింగు పట్టుకెళ్ళాను. ఎముకతో చేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని పుస్తకాలు అంటాయి. మాకు దగ్గర్లో దొరికేది గేదె కొమ్ము, అదే పెట్టాం. ఆయన జన్మలో మాండొలిన్ ముట్టుకోలేదు. కాగితం మీద నట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "జంట గాట్లన్నీ ఒకే లోతేనా?" అని అడిగాడు. కావు. లావు తీగ గాటు వేరు, సన్న తీగ గాటు వేరు. డ్రాయింగులో గాట్ల మధ్య దూరం ఉంది, లోతు లేదు. ఉన్నది చూపించి, లేనిది అడిగించడం మంచి డ్రాయింగు చేసే పని. అదే వీడియో అయితే చేతులు గబగబా ఏదో రుద్దేస్తాయి, మనం తలూపుతాం, లోతు అనే ప్రశ్న ఒకటుందనే తట్టదు.

అయితే ప్లాను అని అమ్మేవన్నీ ప్లాన్లు కావు. బయటి ఆకారం అందంగా గీసి, నాలుగు కొలతలు రాసి అమ్మేవి చాలా ఉన్నాయి. అవి గోడకి అంటించుకునే బొమ్మలు. చూసుకోవాల్సినవి: నెక్కుని రెండు మూడు చోట్ల అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో చూపించారా, బద్దీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో గీశారా, నెక్కు గుల్లతో కలిసే అతుకు లోపల్నుంచి కనిపిస్తుందా. ఈ ఆఖరిది ముఖ్యం. జంట తీగల మాండొలిన్‌ని శ్రుతిలో పెడితే ఎనిమిది తీగలూ కలిసి 80 కిలోల దాకా లాగుతాయి. ఆ లాగుడంతా తట్టుకోవాల్సింది ఆ అతుకే. దాన్ని దాచేసిన ప్లాను దండగ. ఇంకొకటి, కాగితం మీద ఎక్కడో ఒక మూల "ఇది 100 మిల్లీమీటర్లు" అని రాసిన గీత ఉండాలి. అది ఎందుకో కింద చెప్తాను.

రాసిందొకటి, గీసిందొకటి

ఇప్పుడు ప్లాన్లు ఎక్కువగా ఫైలు రూపంలో అమ్ముతున్నారు, ప్రింటు మనమే తీయించుకోవాలి. అంత పెద్ద కాగితం ఫ్లెక్సీలు కొట్టే చోటే దొరుకుతుంది. ఒక చోట ఇచ్చాను. పెళ్ళి బ్యానర్ల హడావుడిలో ఉన్న కుర్రాడు ఫైలు తెరిచి, కాగితానికి సరిపడా సర్దుకునే మీట నొక్కి, చుట్ట చుట్టి చేతిలో పెట్టాడు. మేస్త్రి బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ నట్టు నుంచి, పలక మీద తీగల్ని మోసే బ్రిడ్జి దాకా స్టీలు స్కేలు పెట్టాడు. తల గోక్కున్నాడు. "ఇదేటి బాబూ, రాసిందొకటి, గీసిందొకటి?"

రాసిన కొలత 352.4 మిల్లీమీటర్లు. పదమూడు అంగుళాల ఏడు నూళ్ళు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు), మాండొలిన్‌కి మామూలుగా ఉండే తీగ పొడవు. కాగితం మీద 345 చిల్లర. నూటికి రెండు తగ్గింది. ఆ 100 మిల్లీమీటర్ల గీత మీద ముందే స్కేలు పెట్టి ఉంటే అక్కడే తెలిసేది.

ఇది మేనల్లుడికి చెప్తే వాడు తెలివిగా ఒక మాటన్నాడు. "అంతా ఒకే నిష్పత్తిలో తగ్గితే ఫ్రెట్లు కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతాయి కదా, శ్రుతి ఎక్కడికి పోతుంది?" నిజమే. లెక్కలో తప్పు లేదు. మొత్తం చెక్కతో మనమే చేసుకుంటే ఓ చిన్న మాండొలిన్ తయారవుతుంది, శ్రుతి కూడా బాగానే ఉంటుంది. కానీ ట్యూనింగ్ కీలు మనం చేసుకోం, కొంటాం. ఒక పట్టీ మీద నాలుగు మేకులుంటాయి, ఒక దానికీ దానికీ మధ్య అంగుళంలో 32కి 29 వంతులు, అంటే 23 మిల్లీమీటర్లు. మొదటి మేకు నుంచి నాలుగో మేకుకి 69. నూటికి రెండు తగ్గిన కాగితం మీద పెట్టి తలకి బెజ్జాలు కొడితే ఆ దూరం 67.6 అవుతుంది. దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు తేడా. పట్టీ కూర్చోదు. కూర్చోబెట్టాలని బెజ్జాలు పెద్దవి చేస్తే కీలు ఊగుతాయి. చవక రకం కీలలో ఈ దూరం కాస్త వేరుగా ఉండటం కూడా కద్దు, కాబట్టి కీలు ముందే కొని చేతిలో పెట్టుకుని, ఆ తర్వాతే బెజ్జాల జోలికి వెళ్ళాలి. ఏ వీడియోలోనూ ఈ మాట నాకు కనబడలేదు. చెప్పేవాళ్ళ దగ్గర కీలు, ప్లాను ఒకే దుకాణం నుంచి వచ్చి ఉంటాయి మరి.

కొలతల గొడవలో రెండో సగం మేస్త్రిది. ఆయన లెక్క అంగుళాలు, నూళ్ళు. తలుపు చేసినా మంచం చేసినా నూలు చాలు, పని నెరవేరుతుంది. నూలంటే మూడు మిల్లీమీటర్ల పైమాట. అమెరికా పుస్తకం అంగుళంలో వెయ్యో వంతుల్లో మాట్లాడుతుంది. తొలిచిన పలక మధ్యలో 180 వెయ్యో వంతులు ఉండాలంటే అది నూలున్నరకి కొంచెం తక్కువ అని ఆయనకి చెప్పాలి. చెప్తే, "ఆ కొంచెం ఎంత?" అంటాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే మిల్లీమీటర్ల పుస్తకం అన్నాను. నూలు నుంచి మిల్లీమీటరుకి ఒకసారి మారితే చాలు, ఆ తర్వాత అందరూ ఒకే స్కేలు మీద ఉంటారు.

గొల్లపల్లి వాదన

నా వాదన విని మా బావ ఒప్పుకోలేదు. "ఏం బావా, గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు ఏ ప్లాను చూసి చేశారు? తాత చేత్తో పట్టి నేర్పాడు, తండ్రి నేర్చాడు. కొడుకు చేస్తున్నాడు" అన్నాడు. బొబ్బిలి పక్కనే కాబట్టి అందరికీ తెలిసిన సంగతే. ఒకే పనస దుంగని తొలిచి వీణ తీస్తారు. ఆ వాదన నన్ను చాన్నాళ్ళు ఇబ్బంది పెట్టింది. గురువు పక్కన ఉంటే కాగితం అక్కర్లేదన్నది నిజం. మనకి మాండొలిన్ గురువు పక్కన లేడన్నది కూడా నిజమే కానీ, అది తప్పించుకునే జవాబు.

అసలు తేడా మెట్ల దగ్గర ఉందని ఆలస్యంగా అర్థమైంది. వీణకి 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దిమ్మ వేసి, దాని మీద మెట్టు పెట్టి, తీగ మీటి, విని, కాస్త జరిపి, మళ్ళీ విని స్థిరం చేస్తారు. మేళం కట్టడం అంటే అదే. అక్కడ చెవిదే చివరి తీర్పు. మైనం మెత్తబడితే మళ్ళీ కట్టించుకుంటారు. మాండొలిన్‌లో ఆ వెసులుబాటు లేదు. రంపంతో గాటు కోసి, ఇత్తడి కలిసిన తీగని సుత్తితో దిగగొడితే ఆ ఫ్రెట్ ఇక అక్కడే. చెవి ఎంత గొప్పదైనా అప్పటికే ఆలస్యం. చెవి చేయాల్సిన పని అంకె ముందే చేసి పెట్టాలి.

ఆ అంకె కష్టమైనదేం కాదు. తీగ పొడవుని 17.817తో భాగిస్తే నట్టు నుంచి మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. 352.4కి అది 19.8 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. పన్నెండోది సరిగ్గా సగంలో పడాలి, 176.2 దగ్గర. పడలేదంటే లెక్క ఎక్కడో తప్పింది. చెక్క మీద గుర్తు పెట్టేటప్పుడు మాత్రం ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుచుకుంటూ పోకూడదు. పెన్సిలు గీత మందమంత తప్పు ప్రతిసారీ కలుస్తూ పోతుంది. స్కేలు ఒకసారి నట్టు అంచున ఆనించి, కదపకుండా, అన్నీ అక్కణ్ణుంచే గుర్తుపెట్టాలి. కత్తి మొనతో, పెన్సిలుతో కాదు. పన్నెండో ఫ్రెట్ అర మిల్లీమీటరు జరిగితే స్వరం ఐదు సెంట్ల దాకా తప్పుతుంది, అర్ధస్వరంలో ఇరవయ్యో వంతు. ఒక్కదాంట్లో అయితే చెవి సర్దుకుంటుంది. ఒకటి అటు, ఒకటి ఇటు జరిగితే బ్రిడ్జిని ఎటు జరిపినా కుదరదు.

బావకి ఇది చెప్తే, "అయితే వీణ గొప్పదన్నమాట" అని తేల్చేశాడు. సర్లెండి.

వీడియోకి ఇవ్వాల్సిన మర్యాద

ఇంత చెప్పాక వీడియోల మీద నాకేదో పగ ఉందనిపిస్తుంది. లేదు. పక్కపట్టీలు వంచడం మాకు నేర్పింది వీడియోనే. రెండు మిల్లీమీటర్ల మందం పట్టీని తడిపి, వేడి పైపు మీద ఆనించి వంచాలి. పుస్తకంలో ఇది మూడు పేజీలుంది. నేను చదివి చెప్పాను, మేస్త్రి చేశాడు, పట్టీ చిటుక్కున విరిగింది. ఇంకోటి, అదీ విరిగింది. అప్పుడు ఫోన్లో ఒక విదేశీ పెద్దాయన వంచుతున్న వీడియో పెట్టి ఇచ్చాను. గొంతు తీసేసి చూశాడు. ఒక్కసారే చూసి ఫోను నా చేతిలో పెట్టేశాడు. "ఆయన నొక్కటం లేదు బాబూ. చెక్క లొంగిన దాకా ఆగి, లొంగుతుంటే దాని వెనకాల చెయ్యి పోతోంది." మూడు పేజీల్లో లేని మాట అది. ఉన్నా నేను చదివి చెప్పలేకపోయాను.

కాబట్టి చేతి వాటం, వేగం, ఎంత ఒత్తాలి, పలకని వేలితో తడితే ఎలా మోగాలి, చిత్రిక నుంచి లేచే పొర ఎంత పల్చగా ఉండాలి, ఇవన్నీ వీడియో సొత్తు. ఇవి ఒక్కొక్కటీ ఐదు నిమిషాల ముక్కలు, ఊరికే దొరుకుతాయి కూడా. నేను వద్దంటున్నది మొదటి నుంచి చివరి దాకా ఒకరి వెనకాల నడిపించే కోర్సుని. అందులో ఆయన యంత్రాలు ఆయనవి. బ్యాండ్‌సా మీద నిమిషంలో కోసేస్తాడు, మందం తగ్గించే యంత్రంలో పలకని తోసి అవతల అందుకుంటాడు. మన దగ్గర రంపం, చిత్రిక, ఉలి, ఉప్పుకాగితం. ఆయన ఒక నిమిషం మనకి ఒక ఆదివారం. అయినా ఆయన వేగంతో పోల్చుకుని మనం వెనకబడ్డామనుకుంటాం, తొందరపడతాం. పైగా మధ్యలో జిగురు ఆరే రాత్రంతా కత్తిరించేసి, తర్వాతి దృశ్యంలో తెల్లారి చూపిస్తాడు. నేర్చుకునేవాడికి ఆ రాత్రి కూడా తెలియాలి. బిగింపులు ఎప్పుడు తీయాలి, కారిన జిగురు ఎప్పుడు గీకాలి అన్నది అక్కడే ఉంది.

ఇక ఊరు వెళ్ళి నేర్చుకునే శిక్షణలు. వీలున్నవాళ్ళు వెళ్ళాలి, అంతకంటే మంచిది లేదు. మనవాడికి సెలవు లేదు.

కారణం చెప్పని కొలత

ఒక్క పుస్తకం అన్నాను కదా, దాన్ని ఎలా ఎంచుకోవాలి? నా పరీక్ష ఒకటే. ఏదైనా ఒక కొలత తీసి, ఆ కొలత ఎందుకో పుస్తకం చెప్పిందా అని చూస్తాను. తొలిచిన పలక మధ్యలో నాలుగున్నర మిల్లీమీటర్లు, అంచుల దగ్గర రెండున్నర నుంచి మూడు అని అందరూ రాస్తారు. మధ్యలో ఎందుకు మందమంటే బ్రిడ్జి తీగల భారాన్నంతా అక్కడే కిందికి నొక్కుతుంది. అంచు దగ్గర ఎందుకు పల్చనంటే పలక అక్కడ మడతబందులా ఆడాలి. ఈ రెండో వాక్యం ఉన్న పుస్తకం మనకి పనికొస్తుంది. ఎందుకంటే ఆ కొలతలన్నీ స్ప్రూస్ అనే విదేశీ చెక్కకి రాసినవి, మన బజారులో స్ప్రూస్ ఉండదు.

మనకి దొరికేది పనస, టేకు, తూన్, యంత్రాల పెట్టెల్లో వచ్చే పైను. పనస వీణకి రాజు. కానీ ఘనపు మీటరు స్ప్రూస్ నాలుగైదు వందల కిలోల లోపు తూగితే పనస ఆరు వందలకి అటూ ఇటూ తూగుతుంది. స్ప్రూస్ కొలతతో పనస పలక చేస్తే బరువుకి శబ్దం లేవదు. కారణం తెలిసినవాడు పల్చన చేసి, బద్దీలతో బలం ఇచ్చి చూస్తాడు, లేదా పనసని వెనక పలకకి వాడుకుని పై పలకకి తేలికైంది వెతుకుతాడు. మేం రెండోదే చేశాం. పై పలకకి పెట్టెల పైనులోంచి, వలయాల గీతలు దగ్గర దగ్గరగా, పలక ముఖానికి నిలువుగా ఉన్న ముక్క ఏరుకున్నాం. వెనకకి, పక్కలకి తూన్. సితార్లకి వాడే చెక్కే కాబట్టి ధైర్యం. ఫ్రెట్లు దిగగొట్టే పలకకి, అంటే ఫ్రెట్‌బోర్డుకి, పాత ఇల్లు విప్పిన చోట దొరికిన ఇరుగుడు మంచం కోడు. ఆ కోడు కోసినప్పుడు వచ్చిన వాసనకి మేస్త్రి పనివాళ్ళంతా వచ్చి నిలబడ్డారు.

పుస్తకాల్లో "భారతీయ రోజ్‌వుడ్ వాడండి" అని చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. మన కొండల్లో పెరిగే ఇరుగుడే అది, అడవి చట్టాల మధ్య కొత్తది కొనడం మనకే గగనం. ఎబొనీ అని అపురూపంగా రాస్తారు. బీడీ ఆకు కోసే తునికి చెట్టు నల్ల చేవ ఆ కుటుంబానిదే. ఏ చెక్క దేని బదులు వస్తుందో చెప్పే తెలుగు పుస్తకం ఒక్కటైనా ఉంటే ఈ వ్యాసం సగానికి తగ్గేది.

చెక్క కంటే మోసం చేసేది గాలి. విదేశీ పుస్తకాలన్నీ గాలిలో తేమ నూటికి 40, 50 మధ్య ఉంచుకుని పని చేయమంటాయి. వాళ్ళ భయం చలికాలంలో ఇళ్ళు వెచ్చబెట్టుకుంటే గాలి ఎండిపోతుందని. గదిలో తేమ పెంచే ఉపాయాలు పేజీలకి పేజీలు రాస్తారు. మనకి శ్రావణ భాద్రపదాల్లో తేమ 80 దాటుతుంది. ఆ తేమ తాగి ఉబ్బిన పలకకి బద్దీలు అంటించి బిగిస్తే, వేసవిలో పలక కుంచించుకుపోతుంది, బద్దీలు కదలవు, చెక్క చీలుతుంది. మా బృందంలో ఒకాయన మాండొలిన్ వెనక పలక అలాగే నిలువునా పగిలింది. వానల్లో అంటించినదని తర్వాత తెలిసింది. మేం పలకల పనంతా మాఘ ఫాల్గుణాలకి పెట్టుకున్నాం. ఆగలేనివాళ్ళు పాత చెక్క బీరువాలో పసుపు బల్బు వెలిగించి, తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, పలకల్ని అందులో కొన్నాళ్ళు ఆరనివ్వచ్చు. బరంపురం మాకంటే సముద్రానికి దగ్గర, వాడికి బీరువా తప్పదు. ఏ పుస్తకం కొన్నా తేమ గురించిన అధ్యాయాన్ని తలకిందులుగా చదువుకోవాలి.

కిట్టు సంగతి

కిట్టు మీద నా అభిప్రాయం కాస్త మెత్తబడింది. మొదట వద్దే వద్దన్నాను. తొలిచిన పలకలు, వంచిన పక్కలు పెట్టెలో వస్తే మిగిలేది అతికించడం, రంగు వేయడం. రవాణా, సుంకం కలిపితే ఆ డబ్బుకి ఇక్కడ మంచి వాయిద్యమే వస్తుంది. పైగా ఏ ముక్కయినా విరిగితే మళ్ళీ అక్కణ్ణుంచే రావాలి. కానీ ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రమే ఖాళీ ఉన్నవాడికి ఒక వాయిద్యం పూర్తయి చేతిలో మోగడం కూడా పెద్ద చదువే. సగం చేసి అటక ఎక్కించిన మాండొలిన్లు నేను చూశాను. ఆ లెక్కన కిట్టు కొన్నవాణ్ణి తప్పు పట్టలేను.

మనవాడు మధ్యేమార్గం కనిపెట్టాడు. పలకలు, పక్కలు, నెక్కు ఇక్కడ చేస్తాడట, గాట్లు కోసిన ఫ్రెట్‌బోర్డు మాత్రం కొంటాడట. "ఇంతసేపూ అంకె గొప్పదన్నావు, ఆ అంకెని యంత్రం నా కంటే బాగా కోస్తుంది కదా" అన్నాడు. నా వాదనతోనే నన్ను కొట్టాడు. గాట్లు చేత్తో కోస్తేనే ఫ్రెట్ల లెక్క వంటబడుతుందని నా నమ్మకం, కానీ మొదటి దానికి వాడి మాటే నెగ్గింది. ఒక్క షరతు పెట్టాను. ఫ్రెట్‌బోర్డు వచ్చాక, ప్లాను మీద 100 మిల్లీమీటర్ల గీత ముందు సరిచూసుకుని, ఆ తర్వాత ఫ్రెట్‌బోర్డుని కాగితం మీద పెట్టి, పన్నెండో గాటు 176.2 దగ్గర పడుతోందో లేదో ఫొటో తీసి నాకు పంపాలి. అప్పటిదాకా జిగురు డబ్బా మూత తీయకూడదు.